విడిగా కోసిన రొట్టె

మా వంటింటి గోడకు పక్కపక్కనే రెండు మేకులున్నాయి. రెండింటికీ చెరో కత్తి వేలాడుతుంది. వాటిలో ఒకదాని పిడికి ఎర్ర దారం చుట్టి ఉంటుంది. అది నా భార్యది. గోధుమ పిండి తగిలినది ఏదీ ఆ కత్తికి తగలకూడదు. చాలా నెలలపాటు నేను కూడా దాన్ని ముట్టుకోలేదు. ఆమె వద్దని చెప్పలేదు. ముట్టుకునే అర్హత నాకు లేదని మా ఇద్దరికీ తెలుసు, అంతే.

ఆమెకు ఒంట్లో బాగుండదన్న సంగతి మా ఇంట్లో గోడ గడియారం లాంటిది. ఉందని తెలుసు కానీ తల ఎత్తి చూసేవాళ్ళం కాదు. రక్తం తక్కువ అన్నారు, ఐరన్ బిళ్ళలు ఇచ్చారు. నోట్లో పుళ్ళు వచ్చేవి. కడుపు ఉబ్బి, తిన్నది ఒంటబట్టక, గాజులు మోచేతి దాకా జారేవి. మా వైపు కడుపులో ఏం జరిగినా గ్యాసే. నేనూ అదే అనేవాణ్ణి. "వేళకి తినవు, తిన్నాక నడవవు, గ్యాసు రాక ఏమొస్తుంది?" అని పేపరు చూస్తూనే అనేవాణ్ణి.

చివరికి సూర్యారావుపేటలో ఒక కడుపు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళాను అనడం కూడా గొప్పే. మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోతే కింది వాటాలో ఉండే ఆవిడ ఆటో పిలిచింది, నేను ఆఫీసు నుంచి వెనకాలే వెళ్ళాను. డాక్టరు గారు ఆమెనే చూస్తూ అడిగారు.

"గోధుమలు తింటారామ్మా?"

జవాబు నేను చెప్పాను. "మేం కృష్ణా జిల్లా వాళ్ళమండీ. మూడు పూటలా అన్నమే."

ఆమె నా మాట అయ్యేదాకా ఆగి, "రాత్రిళ్ళు చపాతీలు తింటానండీ. పొద్దున గోధుమరవ్వ ఉప్మా," అంది.

అప్పుడు గుర్తొచ్చింది. షుగర్ వచ్చింది నాకు. రాత్రిపూట అన్నం మానమన్నది నన్ను. మా ఇద్దరికీ రెండు వంటలెందుకని ఆమె కూడా చపాతీకి మారింది. నాకు వేడివేడిగా కావాలి కాబట్టి నా పళ్ళెంలో వేస్తూ నిలబడేది. తర్వాత తను తినేది. మిగిలినవి పొద్దున టీతో తినేది, పారెయ్యడం ఇష్టం లేక. నా షుగర్ అదుపులోకి వచ్చింది. మా ఆవిడ వల్లేనండీ అని పదిమందిలో మెచ్చుకున్నాను కూడా. ఆ మెచ్చుకోలు విని ఆమె ఇంకో చపాతీ తినే ఉంటుంది.

పరీక్షలు చేశారు, గొట్టం వేసి పేగులోంచి చిన్న ముక్క తీసి చూశారు. జబ్బు పేరు సీలియాక్. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు ఆమె పేగులకు పడదు. ఆ తత్వం ఎప్పటినుంచో ఆమె ఒంట్లో ఉందట. దానికి రోజూ మేత వేసింది మాత్రం నా చపాతీ.

"గోధుమ, మైదా, బార్లీ ఏవీ వద్దు," అన్నారు డాక్టరు గారు. "తినడం ఒక్కటే కాదు. ఆ పిండి అంటుకున్న చెంచా కూడా వద్దు."

"ఎన్నాళ్ళండీ?" అన్నాను.

"ఎప్పటికీ."

స్కూటర్ మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి ఆమే నాకు ధైర్యం చెప్పింది. "పోన్లెండి. మనకి బియ్యానికి కరువా?" నిజమే, మా ఊరి చుట్టూ ఉన్నదంతా వరే. కానీ ఆ సాయంత్రం నాకు మొదట వచ్చిన ఆలోచన, ఇక నా చపాతీలు ఎవరు చేస్తారన్నది. పైకి అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

వరి పండే చోట గోధుమ ఎక్కడుంటుందిలే అనుకున్నాం. తీరా చూస్తే ఎక్కడ లేదని. సేమియాలో ఉంది. హోటల్ రవ్వదోసెలో మైదా ఉంది. పిండిమరలో బియ్యం పట్టిస్తే, అంతకుముందు పట్టిన గోధుమల పొడి అందులో కలిసి వస్తుంది. అన్నిటికన్నా ఆశ్చర్యం ఇంగువ. బజార్లో దొరికే పొడి ఇంగువలో చాలా వాటికి గోధుమ పిండే ఆధారమట. ఏళ్ళ తరబడి పప్పులో, పచ్చళ్ళలో, చారులో చిటికెడు చిటికెడు ఆమె మింగుతూనే ఉంది. ఆ రోజు ఇంగువ డబ్బాను ఆమె మూతతో సహా బయట పెట్టేసింది. బియ్యం కడిగి, డాబా మీద నీడలో ఆరబెట్టి, మిక్సీలో తనే పట్టుకోవడం మొదలుపెట్టింది.

ఈ కొత్త మడిని అందరికన్నా ముందు అర్థం చేసుకున్నది కింది వాటా ఆవిడ. వాళ్ళది మంగళగిరి, నేతపని వాళ్ళ కుటుంబం. భర్తకు వన్‌టౌన్‌లో బట్టల కొట్టు ఉంది. శనివారం శనివారం ఆవిడ పులిహోర చేసి మాకు ఒక గిన్నె పంపేది. జబ్బు సంగతి తెలిశాక మరుసటి శనివారం గిన్నె తనే పట్టుకొచ్చింది.

"వదిన గారూ, ఇంగువ వెయ్యలేదు. గరిట కూడా కొత్తది తీశాను. ఇంగువ లేని పులిహోర చేశానని తెలిస్తే మా అత్తగారు పైలోకం నుంచి దిగొస్తుంది, తిట్టడానికి."

"దిగొస్తే మా ఇంటికి పంపండి. ఆవిడకీ రెండు ముద్దలు పెడతాను," అంది నా భార్య.

ఆ గిన్నెలో పులిహోర నేను రుచి చూశాను. ఏదో తక్కువైనట్టుంది అన్నాను. నా భార్య నా వైపు చూసి, గిన్నె తన వైపు జరుపుకుంది.

మా చర్చి విజయవాడలో కాదు, కంకిపాడు దాటాక కాలవ పక్కనున్న మా సొంతూళ్ళో. నేను అక్కడ సంఘ పెద్దల్లో ఒకణ్ణి. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. వరసగా ముందుకు వెళ్ళి, మోకాళ్ళూని, రొట్టె ముక్కా చిన్న గ్లాసులో ద్రాక్షరసమూ తీసుకుంటాం. టౌనులో ఉండేది నేనే కాబట్టి బేకరీలో బ్రెడ్డు కొని తీసుకెళ్ళడం, వేదిక వెనక గదిలో అంచులు తీసి చిన్న ముక్కలుగా కొయ్యడం నా పని. మా నాన్న కూడా అదే చేశాడు. ఆ పని మీద నాకు కొంచెం గర్వం ఉండేది.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరితోనైనా తగువున్నా, మనసులో ఏదైనా తప్పు మెదులుతున్నా, అది సరిచేసుకునేదాకా మనిషి బల్లకు లేవడు. కాబట్టి లేవని మనిషిని అందరూ చూస్తారు. చూసి, లెక్కలు వేస్తారు. నా భార్య కూర్చుండిపోయిన మొదటి నెల ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి మా పెద్దమ్మ వరసయ్యే ముసలావిడ ఆమె పక్కకి జరిగి చేరింది.

"ఏమ్మాయ్, మళ్ళీ కూర్చున్నావే? ఇంట్లో ఏదన్నా ఉంటే చెప్పు. మావోడికి నేను గడ్డి పెడతా."

"ఏం లేదు పెద్దమ్మా. నాకు గోధుమ పడదు."

"ప్రభువు రొట్టెలో గోధుమేంటే? ప్రార్థన చేశాక అది గోధుమ కాదు."

"నా పేగులకి ఆ సంగతి తెలీదు పెద్దమ్మా."

ఆవిడ నమ్మలేదు. బయట పంపు దగ్గర నన్ను పట్టుకుంది. గొంతు తగ్గించాననుకుంది కానీ, చెప్పులేసుకుంటున్న వాళ్ళందరికీ వినపడింది.

"అబ్బాయ్, నిజం చెప్పు. చెయ్యి చేసుకున్నావా?"

నా ముఖం మాడిపోయింది. పాస్టరు గారు మాత్రం ఎంతో నెమ్మదిగా చెప్పారు, ద్రాక్షరసం ఒక్కటి తీసుకున్నా చాలు, అంతా అందినట్టేనని. నా భార్య దానికి సరేనంది. సరిపెట్టుకోలేకపోయింది నేను. ఆమెకు రొట్టె అందడం లేదని కాదు నా బాధ. సంఘ పెద్ద భార్య సగం బల్ల తీసుకుంటే ఆ సగం గురించి ఊరంతా మాట్లాడుకుంటుందని. అందుకే అన్నాను, "నీ రొట్టె నేను చేస్తాను. బియ్యప్పిండితో."

"మీరా?" అంది.

"నేనే."

"స్టవ్వు వెలిగించడం వచ్చా?" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు కోసమైనా నేను ఆ పని సరిగ్గా చేయాల్సింది.

చిన్న ఓవెన్ కొన్నాను. కొత్త జల్లెడ, కొత్త రేకు గిన్నె తెచ్చాను. బియ్యప్పిండితో బ్రెడ్డు చేయడం చపాతీ తినడమంత సులభం కాదని మొదటి రోజే తెలిసింది. మైదా ముద్ద సాగుతుంది, లోపల గాలిని పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండికి సాగడం రాదు. మొదటి రొట్టెను ఆమె వేలితో కొట్టి చూసింది.

"దీన్ని దాచండి. డాబా మీద పిట్టగోడ బీటిచ్చింది."

రెండోది బాగా పొంగింది. బయటికి తీయగానే నిట్టూర్చినట్టు కూలిపోయింది. లోపల జిగటగా, ఉడకని ఉండ్రాళ్ళ పిండిలా ఉంది. సాగే గుణం రావాలంటే ఇసబ్‌గోల్ పొట్టు వెయ్యాలని ఎక్కడో చదివి, మందుల షాపుకు వెళ్ళి తెచ్చాను. దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెడితే గంజిలా చిక్కబడుతుంది. అందులో బియ్యప్పిండి, పొంగిన ఈస్టు, గుడ్డు, కాస్త నూనె.

"విరేచనం కాని వాళ్ళకిచ్చే పొట్టు ప్రభువు బల్ల మీదికా?" అంది ఆమె. "పెద్దమ్మతో మాత్రం అనకండి."

ఈసారి రొట్టె నిలబడింది. పూర్తిగా చల్లారేదాకా కొయ్యకూడదని అప్పటికి తెలిసింది కాబట్టి ఇద్దరం దాని ఎదురుగా కూర్చుని ఎదురుచూశాం. కోస్తే ముక్క ముక్కగానే వచ్చింది, పొడి కాలేదు. ఆమె వెన్న రాసుకుని ఒకటి, పచ్చిమిరపకాయ పచ్చడితో ఇంకొకటి తింది. కడుపు నొప్పి రాలేదు. ఎన్నో నెలల తర్వాత బ్రెడ్డు తిన్నానని అంది. ఆ రోజులు బాగున్నాయి. నేను చేసి పెడితే ఆమె తినడం మా కాపురంలో అదే మొదలు.

మొదటి ఆదివారానికి ముందు రోజు చిన్న రొట్టె చేశాను. ఆమె దాన్ని ఉతికిన తెల్లగుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది. కొత్త కత్తికి ఎర్ర దారం చుట్టి నా చేతికిచ్చింది.

"ఇది దానికే. చర్చిలో కత్తి తగలనివ్వకండి. పళ్ళెం కూడా ఈ డబ్బాలో పెట్టినదే."

"నాకు తెలీదా?" అన్నాను.

చర్చి గదిలో ముందు బేకరీ బ్రెడ్డు కోశాను. అలవాటు చొప్పున అదే ముందు. తర్వాత ఆమె డబ్బా తెరిచి, కత్తి కోసం సంచిలో చెయ్యి పెట్టాను. లేదు. స్కూటర్ డిక్కీలో ఉండిపోయింది. స్కూటర్ బయట, వేపచెట్టు కింద. ఆ గదికి వేరే గుమ్మం లేదు. వేదిక పక్కనుంచి దిగి, అందరి మధ్యలోంచి నడిచి వెళ్ళి, మళ్ళీ నడిచి రావాలి. పాట ఆఖరి చరణానికి వచ్చింది. మరిచిపోయి వచ్చినవాడిలా అందరి ముందూ నడవాలంటే నాకు సిగ్గేసింది. సంఘ పెద్ద తత్తరపడకూడదు కదా.

చేతిలో ఉన్న కత్తిని రుమాలుతో తుడిచాను. పిడి దగ్గర సందులో తెల్లటి పొడి ఇంకా కనిపిస్తూనే ఉంది. చూశాను. ఆమె రొట్టెను ఆ కత్తితోనే, బేకరీ బ్రెడ్డు కోసిన చెక్క మీదే కోశాను.

పాస్టరు గారు సంతోషంగా ప్రకటించారు, ఈరోజు మన సహోదరికి బియ్యపు రొట్టె సిద్ధం చేశామని. ఆమె లేచింది. పెద్దమ్మ అందరికన్నా ముందు చూసింది. ఆమె మోకాళ్ళూని, తన పళ్ళెంలోంచి ముక్క తనే తీసుకుంది. పాస్టరు గారి వేళ్ళకు గోధుమ ఉంటుంది కాబట్టి అలా అనుకున్నాం. నోట్లో పెట్టుకునే ముందు తలెత్తి నా వైపు చూసింది. అడిగినట్టు చూసింది.

నేను తల ఊపాను.

సాయంత్రానికి నొప్పి మొదలైంది. ఆ వారమంతా ఆమె మంచం మీదే ఉంది. తడిగుడ్డ తెచ్చాను, మజ్జిగ కలిపాను, డాక్టరుకు ఫోను చేశాను. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చేశాను. లేచి కూర్చోగలిగాక ఆమే ఆలోచించడం మొదలుపెట్టింది.

"మీ రొట్టె అయ్యుండదు. అదివరకు ఇంట్లో తిన్నాగా, ఏమీ కాలేదు. కత్తీ వేరే. ఇంకేముంటుందండీ? శనివారం పులిహోర ఒక్కటే."

"ఏమో," అన్నాను.

నేను చేసిన తప్పుల్లో ఆ 'ఏమో' అన్నది తల ఊపడం కన్నా చిన్నదేమీ కాదు.

కింది వాటా ఆవిడ గిన్నెలు ఆ తర్వాత మా ఇంట్లో అలాగే ఉండిపోయేవి. నా భార్య మర్యాదగా తీసుకునేది, పనమ్మాయికి ఇచ్చేసేది. ఆవిడకు తెలిసిపోయింది. ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపింది.

"అన్నయ్య గారూ, ఆరోజు ఇంగువ వెయ్యలేదండీ. నిజంగా వెయ్యలేదు. వదిన గారు నా గిన్నె మొహం చూడటం మానేశారు."

"అబ్బే, అలాంటిదేం లేదమ్మా," అని పైకొచ్చేశాను. ఆవిడ మెట్ల మీద అలాగే నిలబడి ఉంది.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. రొట్టె చేశాను. ఈసారి దారం చుట్టిన కత్తి చొక్కా జేబులోనే పెట్టుకున్నాను. ఆమె రొట్టె ముందు ఆమె పళ్ళెంలోనే కోసి, డబ్బాలో పెట్టి మూత వేశాక గానీ బేకరీ బ్రెడ్డు విప్పలేదు. అంతా సరిగ్గా చేశాను. వరసలు కదిలాయి. నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను, లేవలేదు. లేవడానికి కాళ్ళు రాలేదంటే అతిశయోక్తి. లేవొచ్చు. లేస్తే ఇక ఎప్పటికీ చెప్పనని అనిపించింది. ఆమె తన ముక్క తీసుకుని తిరిగి వస్తూ నన్ను చూసింది. పెద్దమ్మ పక్కావిడతో అంటున్నది నాకు వినపడింది. "ఈసారి మొగుడు కూర్చున్నాడు. నేను చెప్పలా?"

తిరుగు దారిలో, కంకిపాడు రాకముందు కాలవ గట్టు మీద, "బండాపండి," అంది ఆమె. ఆపాను. ఇద్దరం దిగాం.

"ఎవరితో తగువు మీకు?"

"నీతోనే," అన్నాను. కత్తి డిక్కీలో ఉండిపోవడం, రుమాలు, పిడి సందులో పొడి, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె కాలవలోకి చూస్తూ ఉంది. గుర్రపుడెక్క తేలుకుంటూ పోతోంది.

"నేను మిమ్మల్ని చూశాను కదా," అంది చివరికి.

"చూశావు."

"మీరు తల ఊపారు."

"ఊపాను."

"బండి తియ్యండి," అంది.

ఇంటి ముందు దిగాక మెట్లెక్కుతూ ఆగింది. "ముందు ఆవిడకి చెప్పండి. నా సంగతి తర్వాత."

కింది వాటా తలుపు కొట్టాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుతోంది. నిలబడే అంతా చెప్పాను. ఆవిడ చాట పక్కన పెట్టింది.

"నేను మా ఆయన్ని తిట్టి చంపానండీ, ఇంగువ చేత్తో నా గరిట ముట్టుకున్నావా అని. పాపం ఆయన, ముట్టుకున్నానేమో అని ఒప్పేసుకున్నాడు కూడా. ఇప్పుడు ఆయనొచ్చేదాకా కూర్చోండి. ఆయనకీ మీరే చెప్పాలి."

కూర్చున్నాను. ఆయనకూ చెప్పాను. ఆయన మంచినీళ్ళిచ్చి పంపాడు. ఆ శనివారం నా భార్య తనే కిందికి వెళ్ళి పులిహోర అక్కడే కూర్చుని తిని వచ్చింది.

నాతో మాత్రం అలా కుదరలేదు. ఆమె అరవలేదు, ఏడవలేదు. నేను ముట్టుకున్నది తినడం మానేసింది, అంతే. నేను కలిపిన మజ్జిగ గ్లాసు బల్ల మీద అలాగే ఉండేది. తన అన్నం తనే వండుకునేది. బల్లకు రొట్టె కూడా తనే చేసేది, ఓవెన్‌లో కాదు, దిబ్బరొట్టె కాల్చే మందపాటి గిన్నెలో, సన్నటి సెగ మీద మూతపెట్టి. నాదాని కంటే బాగా వచ్చేది. ఇంట్లోనే ముక్కలు కోసి, డబ్బాలో పెట్టుకుని, తనే మోసుకొచ్చేది.

"ఇంకా కోపమేనా?" అని ఒకసారి అడిగాను.

"కోపం అయితే ఈపాటికి పోయేదండీ. ఇది భయం. గ్లాసు చూస్తే భయమేస్తుంది. నేనేం చెయ్యను?"

ఇంట్లో నా కోసం ఇంకా ఉంచుకున్న గోధుమ పిండి అంతా ఎత్తి ఇచ్చేశాను. చపాతీ పీట, కర్ర కూడా. ఇది త్యాగం కాదు, చాలా ఆలస్యంగా చేసిన పని. జొన్నలు తెచ్చి, ఏరి, కడిగి, ఇంట్లోనే పట్టి, రొట్టె చరచడం నేర్చుకున్నాను. నా జొన్నరొట్టెలు కృష్ణా జిల్లా పటంలా ఏ ఆకారమూ లేకుండా వచ్చేవి. ఆమె చూసేది, నవ్వేది, తినేది కాదు. పాస్టరు గారికి కూడా జరిగింది చెప్పి, బ్రెడ్డు కోసే పని ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మానడం తేలికండీ. జాగ్రత్తగా చెయ్యండి," అన్నారు.

అలా వేసవి పోయి వానలు పడ్డాయి. ఒక మొదటి ఆదివారం గదిలో నేను ద్రాక్షరసం గ్లాసుల్లో పోస్తున్నాను. బ్రెడ్డు కోయడం అయిపోయింది. ఆమె డబ్బా విడిగా కిటికీలో ఉంది. బల్ల మీద పరిచే గుడ్డ తేవడానికి బయటికి వెళ్ళి వచ్చేసరికి పెద్దమ్మ అక్కడ ఉంది. డబ్బా ఖాళీ. బియ్యపు రొట్టె ముక్కలు పెద్ద పళ్ళెంలో, బేకరీ ముక్కల మధ్యలో, పూల చెండులో దవనంలా అందంగా సర్ది ఉన్నాయి.

"పాపం ఒక్కతిదీ మూల డబ్బాలో ఎందుకురా? దాన్ని వెలేసినట్టు," అంది ఆవిడ. "అందరితో పాటు పెట్టా."

ఆవిడ కళ్ళల్లో నిజమైన ప్రేమ ఉంది. పాట ఆఖరి చరణంలో ఉంది. ఆ ముక్కలు ఏరి మళ్ళీ డబ్బాలో వేస్తే ఎవరికీ తెలియదు. పెద్దమ్మకు అదేమీ తప్పుగా కూడా అనిపించదు.

నేను గదిలోంచి బయటికొచ్చాను. వేదిక దిగి, బెంచీల మధ్య నడవలోంచి, ఆడవాళ్ళ వైపు మూడొంతుల బెంచీలు దాటి ఆమె కూర్చున్న చోటికి వెళ్ళాను. పాడుతున్న వాళ్ళు పాడుతూనే తలలు తిప్పారు. ఆమె నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపాను.

"ఈరోజు వద్దు. కలిసిపోయాయి," అన్నాను.

ఆమె పాట పుస్తకం మూసి, "సరే," అంది. ఆ రోజు ద్రాక్షరసం ఒక్కటే తీసుకుంది. సంగతి అర్థమయ్యాక పెద్దమ్మ పంపు దగ్గర తన చేతుల్ని తానే తిట్టుకుంటుంటే నా భార్య వాటిని పట్టుకుని నిలబడింది. "వచ్చే నెల మీరే నా డబ్బాకి కాపలా ఉండండి పెద్దమ్మా. ఎవర్నీ రానివ్వకండి," అంది. ఆవిడ ఇప్పటికీ కాపలా ఉంటోంది. పాస్టరు గారిని కూడా దగ్గరికి రానివ్వదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాన పట్టుకుంది. ఆమె చీర మార్చుకుని వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"ఆకలేస్తోంది," అంది. "ఏదన్నా చేసి పెట్టండి."

విన్నది నిజమేనా అని తిరిగి అడగలేదు. ఫ్రిజ్‌లో దిబ్బరొట్టె పిండి ఉంది, మినప్పప్పు రుబ్బి బియ్యపురవ్వ కలిపినది. మందపాటి గిన్నె కడిగాను. నూనె వేసి, పిండి పోసి, మూతపెట్టి, సెగ తగ్గించాను. అది తొందరపెడితే ఉడకదు. ఇద్దరం వాన చూస్తూ కూర్చున్నాం. అడుగు ఎర్రబడ్డ వాసన వచ్చాక తిరగేశాను. ఎర్ర దారం కత్తి మేకు నుంచి తీసి, కొయ్యనా అన్నట్టు ఆమెకు చూపించాను. కొయ్యండి అన్నట్టు చూసింది.

పళ్ళెంలో ముక్క పెట్టి ఇచ్చాను. ఆవకాయ నూనెలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. గిన్నె కడిగారా అని అడగలేదు.

"కడిగాను," అన్నాను.

"తెలుసు," అంది నములుతూ. "ఇంకో ముక్క వెయ్యండి."